లేపాక్షియు భూతదయయు

హిందూపురమునకు తూర్పున సుమారు తొమ్మిది మైళ్ళ దూరమున లేపాక్షి గ్రామము కలదు. ఇది చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరపు జిల్లాల విభజనమున శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. యాత్రార్థమై వచ్చువారి కన్నులను మొదట నాకర్షించునది ఏకశిలానంది. సుమారు 15 అడుగుల యెత్తును 27 అడుగుల పొడవును గల ఆ వృషభము మెడనిండ గంటలపేరులు దాల్చి కూర్చుండియున్నది. వీరభద్రాలయము నిలిచిన గుట్టకు కూర్మశైలమని పేరు. ఆలయప్రాకారము లోపల ఏడుపడగల నాగము లింగమునకు నీడ పట్టుచున్నది. గ్రామనామమునకు మూలమని జనులు చెప్పుకొనునది ఒక పక్షి. ఇట్లు ఎద్దు, తాబేలు, పాము, పక్షి యను నాలుగు ప్రాణులును జేరి యీ క్షేత్రమును గాచుచున్నట్లు తోచును.

మూగజీవుల పక్షమున పలుకుట మనకు పడమటి దేశములనుండి వచ్చిన క్రొత్త మర్యాదయని కొందరు వాదింతురు. మన పూర్వులందరును అహింసావ్రతులే యనియు, మనము నేర్వవలసిన దేమియు లేదనియు మఱికొందరు వాదింతురు. ఈ రెండు వాదములును లేపాక్షి చిత్రముల యెదుట నిలువజాలవని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా నామవిచారము. రావణునిచే రెక్కలు తెగిన జటాయువు ఇచట బడెననియు, శ్రీరాముడు దానిని జూచి ‘లే, పక్షీ’ యని పలికెననియు, ఆ మాటయే గ్రామనామమాయెననియు స్థలజ్ఞులు చెప్పుదురు. వ్యాకరణము చదివిన వానికి ఇందొక సందేహము కలుగకపోదు. సంబోధనమున దీర్ఘము తుదియచ్చునకు రావలెను గాని పకారముమీదికి దుముకరాదు; ‘పక్షీ’ యగును గాని ‘పాక్షి’ కాదు. ‘లేప’ ‘అక్షి’ యను రెండు పదములకు సవర్ణదీర్ఘము చేసినచో లేపాక్షి యనునది నిర్దుష్టముగా సిద్ధించును. పూత పూసిన కన్ను, అనగా రంగులు దీర్చిన కన్ను అని అర్థము చెప్పవచ్చును. చిత్రములకు ప్రసిద్ధికెక్కిన యూరికి ఆ యర్థము తగియే యున్నది. కాని యిది శబ్దసాధుత్వమునకు మాత్రమే ప్రమాణము, చరిత్రకు ప్రమాణము కాదు. కావున ఇందు పట్టుదల వలదు.

శబ్దము మాట యెట్లున్నను, జనులు ఆ కథను నిలుపుకొనుటలోని భావము గ్రహింపదగినది. సీత నెత్తుకొనిపోవుచుండగా అడ్డుపడి ప్రాణములు విడిచినది పక్షి. ఆ పక్షికి తండ్రికి జేసినట్లు దహనసంస్కారము జేసినవాడు రాజపుత్రుడు. ఇచట మనుష్యుడు ఋణస్థుడు, తిర్యగ్జంతువు ఋణదాత. భూతదయను గూర్చి మాటలాడువారు సామాన్యముగా మనుష్యుడు దాతయనియు మృగము యాచకమనియు తలంతురు. లేపాక్షి కథ యా లెక్కను తలక్రిందు చేయుచున్నది.

జటాయువు కథను తనదిగా జెప్పుకొను స్థలము మఱియొకటి సమీపముననే కలదు. రాయదుర్గమునకు పడమటి వైపున, కర్ణాటకదేశమందలి చిత్రదుర్గము జిల్లా మొళకాల్మూరు తాలూకాలో, జటింగ రామేశ్వరమను కొండ యున్నది. అచటనే పక్షిరాజు రావణునితో బోరెనని ఆ ప్రాంతీయుల నమ్మకము. ఆ కొండమీదను, దగ్గరనున్న బ్రహ్మగిరి, సిద్ధాపురములయందును అశోకచక్రవర్తి చెక్కించిన లఘుశిలాశాసనములు 1892లో వెలుగులోనికి వచ్చినవి. తల్లిదండ్రుల మాట వినవలెననియు, ప్రాణులయెడ దయ దృఢముగా నుండవలెననియు, సత్యము పలుకవలెననియు ఆ శాసనము బోధించుచున్నది. ఇందు దయతోపాటు దార్ఢ్యమును గూడ రాజు కోరుట గమనింపదగినది. మనస్సు కరగిన క్షణమున కలిగి మఱునిమిషమున నారిపోవు దయ యతనికి చాలలేదు. పక్షి ప్రాణమిచ్చెనని జనులు చెప్పుకొను కొండమీదనే ప్రాణులయెడ దృఢత్వమును శాసించు లిపి యుండుట యాదృచ్ఛికమే యైనను, ఆ సంఘటనము మనోహరమైనది.

మన మండలమునకు మఱింత సన్నిహితమైనది గుత్తి దాపున కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి. 1929 ప్రాంతమున విద్వాంసుల దృష్టికి వచ్చిన యీ గుండ్లమీద అశోకుని పదునాలుగు శిలాశాసనములును, లఘుశాసనములును గూడ నున్నవి. మొదటి శాసనమున ఆ ప్రభువు తన వంటయింటి లెక్కను తానే లోకమున కెఱిగించినాడు. పూర్వము కూరలకై దినదినమును లక్షలసంఖ్యలో ప్రాణులు చంపబడుచుండెడివట. శాసనము వ్రాయించునాటికి అవి మూడైనవి: రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింకయు నిత్యము కాదు. ఇకమీదట ఆ మూడును చంపబడవని ముగించినాడు. పరులకు జెప్పుటకు ముందు తన పాకశాలలో మిగిలియున్న మూడు ప్రాణములను దాచక చెప్పిన ఆ నిజాయితీ ప్రశంసనీయము. రెండవ శాసనమున మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స యని రెండింటిని ఒక్కచోట జేర్చి, ఓషధులు నాటించితిననియు, త్రోవలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు, అవి పశువుల యుపయోగమునకును మనుష్యుల యుపయోగమునకును అనియు చెప్పినాడు. సీమలోని యెండలో ఎఱ్ఱగుడి గుండ్లయెదుట నిలిచి యీ మాటలు స్మరించువానికి, నీడయు నీరును ఎద్దునకును మనిషికిని సమానావసరములని వేఱుగా బోధింప బనిలేదు.

ఇక లేపాక్షికి మరలుదము. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) పెనుగొండలో అధికారులై యున్న విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు ఈ యాలయమును కట్టించిరి. మండపముల కప్పులయందు వ్రాయించిన వర్ణచిత్రములలో పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీస్వయంవరము, వటపత్రశాయి మున్నగువానితో పాటు మనునీతిచోళుని కథయు నున్నది. చూపరులు వ్రేలాడు స్తంభముక్రింద వస్త్రమును దూర్చి వినోదించి పోవుదురే కాని, ఈ చిత్రముక్రింద నిలుచువారు తక్కువ.

కథ యిది. చోళరాజొకడు తన నగరివాకిట గంట కట్టించెను. అన్యాయము పొందినవారెవ్వరైనను దాని త్రాడు లాగవచ్చును. ఒకనాడు రాజకుమారుని రథచక్రముక్రింద బడి లేగదూడ చచ్చెను. తల్లియావు వచ్చి గంటత్రాడు లాగెను. రాజు విచారించి, తన కుమారుడును అదే చక్రముక్రింద పడవలెనని తీర్పు చెప్పెను. పండ్రెండవ శతాబ్దివాడగు శేక్కిళారు తమిళమున రచించిన పెరియపురాణమున ఇది తిరువారూరున జరిగినట్లున్నది. అందు శిక్ష నెఱవేర్ప నియుక్తుడైన మంత్రి, ఆ పని చేయలేక తానే ప్రాణములు విడుచును. రాజు స్వయముగా రథము నడపును. తుదకు శివుడు ప్రత్యక్షమై దూడను, కుమారుని, మంత్రిని బ్రతికించును. శిలప్పదికారమునను ఈ కథ ప్రస్తావింపబడినది. సింహళమున పాళీభాషలో వెలసిన మహావంశము ఇదే కథను అనురాధపురము నేలిన ఏలారుడను చోళునియందు నిలిపినది. అందు దూడయు బ్రతుకలేదు, కుమారుడును బ్రతుకలేదు. ఏలారుడు ఆ గ్రంథకర్తల మతమువాడు కాడు, వారి దేశమువాడును కాడు. అయినను అతని న్యాయమును వారు మెచ్చుకొనక మానలేదు. మూగజీవునకు న్యాయము చేసినవాని కీర్తి మతభేదమును, దేశభేదమును దాటునని యిందువలన తెలియుచున్నది.

ఆంధ్రదేశమున దీనికి బోలిక బెజవాడ మాధవవర్మ కథ. రాజపుత్రుని రథముక్రింద చింతచిగురు అమ్ముకొను పేదరాలి బిడ్డ పడి చచ్చుటయు, రాజు తన కుమారునకు మరణదండనము విధించుటయు అందలి వృత్తాంతము. రెండు కథలకును చట్రమొక్కటియే: రథము, బిడ్డ, తల్లి, రాజు. ఒకచోట తల్లి పేదరాలు, మఱియొకచోట ఆవు. కథ చెప్పినవారికి ఆ రెండు స్థానములును ఒండొంటికి బదులుగా నిలువదగినవిగా తోచినవన్నమాట. పేదరాలి మొఱ వినబడని రాజ్యమున ఆవు మొఱ వినబడదు. ఆవు మొఱకు కట్టిన గంట పేదరాలికిని పనికివచ్చును.

ఈ చిత్రమున విశేషమేమనగా, ఆవు ఇందు దయాపాత్రము మాత్రమే కాదు, వాదియై వచ్చినది. రాజు జాలిపడి దూడను జూచుటకు పోలేదు. ఆవు వచ్చి న్యాయమడిగినది, రాజు విచారణ జరిపినాడు. మన వాఙ్మయమున అనంతామాత్యుని భోజరాజీయమందలి గోవ్యాఘ్ర సంవాదమున ఆవు తనకు దానే మాటలాడి, సత్యముచేత పులినే మార్చినది. కాని లోకమున ఆవులు మాటలాడవు, గంటలు లాగవు. కావున ఆవునకు బదులుగా త్రాడు లాగువాడొకడు కావలెను. యుగయుగమునను అట్లు త్రాడు లాగినవారి చరిత్రమే భూతదయా చరిత్రము.

పశుశబ్దమునకు ఉణాదులయందు చూచుట యను నర్థముగల ధాతువునుండి వ్యుత్పత్తి చెప్పబడినది. విశేషములెంచక అన్నిటిని సమానముగా జూచునది పశువు. శైవులు పాశముచే కట్టబడినది పశువని చెప్పి, ఆ మాటను జీవులకెల్ల నన్వయించిరి. ఆ మతమున మనుష్యుడును పశువే, పతి యొక్కడే. ఇక ‘దయ’ ధాతువునకు ధాతుపాఠమున దానము, గతి, రక్షణము, హింస, గ్రహణము అను నర్థములు చెప్పబడినవి. రక్షణము ప్రక్కనే హింస! బాల్యమున దీనిని వల్లెవేయునప్పు డిది పాఠదోషమేమో యని నేను శంకించితిని. ఏబది యేండ్లు దాటిన పిమ్మట, లోకమును చూచిన కొలది, ధాతుపాఠమే నిజము చెప్పినదని తోచుచున్నది. ఒక్క చేతియందే రెండును గలవు. ఎద్దునకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కిన చేయియే మఱునాడు ముల్లుకఱ్ఱ పట్టును.

లేపాక్షి యాలయమే యిందుకు సాక్షి. మనునీతిచోళుని చిత్రమున్న యా కప్పులయందే కిరాతార్జునీయమును గలదు. అందలి వరాహము రెండు బాణములకు లక్ష్యము. అది యెవరి బాణమున పడెనని శివార్జునులు కలహింతురు. అచట వరాహముపక్షమున గంట లాగినవారు లేరు. వీరభద్రుడు దక్షుని యజ్ఞమును ధ్వంసము చేసిన దేవుడు. దక్షుని మొండెమునకు మేకతల యతికించుట ఆ కథకు సమాప్తి. మనుష్యుని బ్రతికించుటకు మేక చావవలసివచ్చినది! కావున మన పూర్వులందరు ఒక్క మనస్సుతో అహింసను బాటించిరనుట చరిత్రము కాదు. వారిలోను వాదప్రతివాదము లుండెను. పశువుపక్షమున పలికినవారు తమ కాలపు టాచారమున కెదురు పలికినవారే.

అట్లెదురు పలికినవారిలో మన మండలమువాడు వేమన. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో అతని సమాధి కలదు. లేపాక్షియు కటారుపల్లెయు నేడొక్క జిల్లాలోనివే. జీవిని చంపుట శివభక్తికి దప్పుటయేయని అతడు పద్యమున జెప్పినాడు. ఆతడు పశువును గూర్చి వేఱొక మతము స్థాపింపలేదు. ఏ దేవుని పేర బలి నడచుచున్నదో ఆ దేవుని పేరనే బలిని ఖండించినాడు. ఇది నేర్పుగల వాదము. 1829లో బ్రౌనుదొర వేమన పద్యములు ప్రకటించుటకు పూర్వమే, వ్రాయను చదువను రాని జనుల నోళ్ళ నా మాట నిలిచియుండెను. అశోకుడు రాజై శాసించెను. వేమన ఏ యధికారమును లేక పలికెను. రాజశాసనము శిలపై మరుగుపడి రెండువేల యేండ్లకు పైగా చదువువారు లేక యుండెను. వేమన మాట మఱుగుపడలేదు.

ఇక శాసనయుగము. ఆంగ్లదేశమున 1822లో రిచర్డు మార్టినను సభ్యుని యత్నమున పశుహింసానివారణ శాసన మేర్పడినది. గాడిదను గొట్టిన కూరగాయల వర్తకునిపై అతడభియోగము తెచ్చి, ఆ గాడిదనే న్యాయస్థానమునకు రప్పించి దెబ్బలు చూపించెనని చెప్పుదురు. తమిళదేశపుటావు, లండను గాడిద! రెండును వాదులై న్యాయస్థానము చేరినవి. 1824లో అచట పశుహింసానివారణ సంఘమును, 1861లో కలకత్తాలో కోల్సువర్తీ గ్రాంటు యత్నమున తాదృశ సంఘమును స్థాపితములైనవి. 1890లో భారతదేశమునకంతకు పశుహింసానివారణ శాసనము వచ్చెను. అది ముఖ్యముగా వీథులయందును, జనులు మసలు చోటులయందును, బాటసారుల కంటబడునట్లుగా జరుగు హింసను నిషేధించినది. అనగా పశువు నొప్పికంటె చూపరి నొప్పి యెక్కువగా గణింపబడినది. గంట కట్టిరి గాని, త్రాడు ఆవునకు కాక వీథిలోని పెద్దమనిషికి అందునట్లు కట్టిరి.

ఆ లోపమును దీర్చుటకు బూనుకొన్నవారిలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు అగ్రగణ్య. దివ్యజ్ఞానసమాజపు టాదర్శముల మధ్య పెరిగి, 1936లో కళాక్షేత్రము స్థాపించిన యీ నాట్యవిదుషి 1952లో రాజ్యసభకు నామనిర్దేశము పొందినది. అచట ఆమె పశుహింసానివారణ విధేయకమును స్వయముగా బ్రవేశపెట్టెను. ప్రభుత్వమే విచారణసంఘమును నియమించి శాసనము తెచ్చునని ప్రధాని నెహ్రూ హామీ యీయగా, ఆమె తన విధేయకము నుపసంహరించుకొనెను. ఫలితము 1960వ సంవత్సరపు శాసనము. దాని ననుసరించి 1962లో జంతుసంక్షేమమండలి యేర్పడగా, దానికి తొలి యధ్యక్షురాలు ఆమెయే. నాట్యమున మూగభావమును హస్తముతో పలికించు విద్య నెఱిగిన యామె, సభలో మూగప్రాణులకు నోరగుట ఉచితమే.

1960 నాటి శాసనమున హింస చూపరి కంటబడినను పడకున్నను నేరమే. ప్రాణిని తన యధీనమున నుంచుకొన్న ప్రతివానికిని దాని క్షేమమును జూచు విధి యేర్పడినది. 1965లో వెలువడిన నియమములు లాగుడు పశువులను దినమునకు తొమ్మిది గంటలకు మించి గాని, విశ్రాంతి లేక ఐదు గంటలకు మించి గాని పనిచేయింపరాదనియు, ఎండ 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు పనికి బెట్టరాదనియు విధించినవి. హిందూపురము, ధర్మవరము ప్రాంతముల వేసవి నెఱిగినవారికి ఈ నియమము విలువ తెలియును. అయినను శాసనమున కొఱతలు లేకపోలేదు. మొదటి నేరమునకు దండనము పది రూపాయలు మొదలు ఏబది రూపాయలు మాత్రమే. 2022లో సవరణ ముసాయిదా వెలువడునాటికిని అంకెలవియే. మతాచారము ననుసరించి ప్రాణిని చంపుట ఆ శాసనమున నేరము కాదు. దేవాలయములందలి బలులను నిషేధించుచు చెన్నపురి ప్రభుత్వము 1950లో వేఱొక శాసనము చేసియుండెను. తమిళనాడు 2004లో దానిని రద్దు చేసినది. ఆంధ్రదేశమున అది నిలిచినది. నిలిచినను జాతరలలో బలులు మానలేదని యెల్లర కెఱుకయే. వేమన వాదము నేటికిని పాతబడలేదు.

1976లో రాజ్యాంగమున చేరిన ప్రాథమికవిధులలో ప్రాణులయెడ దయ గలిగియుండుట యొకటి. దీని నాధారము చేసికొని 2014 మే 7వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము జల్లికట్టును నిషేధించుచు, జంతువులకును గౌరవముతో జీవించు హక్కు గలదని పలికినది. 2023 మే 18వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల పీఠము తమిళనాడు మున్నగు రాష్ట్రములు చేసికొన్న సవరణములను సమర్థించి, జంతువులకు ప్రాథమికహక్కు లిచ్చుటకు పూర్వోదాహరణము లేదనెను. వాద మింకను ముగియలేదు. ఈ నడుమ శాసనములకై వేచియుండక పనికి బూనినవారును గలరు. 1959లో చెన్నపురిని కెప్టెను సుందరము దంపతులును వారి కుమారుడును నెలకొల్పిన బ్లూక్రాసు సంస్థయు, 1992లో హైదరాబాదున అక్కినేని అమలగారు స్థాపించిన బ్లూక్రాసును వీథులలో గాయపడిన ప్రాణులకు చికిత్స చేయుచు వచ్చినవి. మనుష్యచికిత్స, పశుచికిత్స యని ఎఱ్ఱగుడి శిలపై జంటగా చెక్కిన మాటలలో రెండవది ఇట్లు మరల వీథికి వచ్చినది.

మనుష్యులే యాకలిగొనిన కఱవుసీమలో పశువులకు దయయేమని ఒక యాక్షేపము కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. అయితే 1876-78 నాటి ధాతకఱవు ఈ సీమకు నేర్పిన పాఠము వేఱు. పశువు చచ్చిన యింట, వాన వచ్చినను నాగలి కదలదు. మేత పోయిన వెనుక ఎద్దు, ఎద్దు పోయిన వెనుక సేద్యము, సేద్యము పోయిన వెనుక మనిషి. ఈ వరుస నెఱిగిన రైతు పశువుదయను విలాసముగా దలపడు. పశువునకు మ్రొక్కి సాటి మనుష్యుని హింసించువాడు మాత్రము లేపాక్షి చిత్రమును తప్పుగా జదివినవాడు. ఆవుకొఱకు గంట కట్టిన రాజు ఆ గంటను ఆవునకు మాత్రమే కట్టలేదు, ఎల్లరకును కట్టినాడు.

ఆ కథయందలి తీర్పును మనము నేడు అనుసరింపరాదు. దూడకు బదులు కుమారుని చంపుట న్యాయమునకు పరాకాష్ఠగా పూర్వులు చెప్పిరి. అది దూడను లేపలేదు. శేక్కిళారు శివుని రప్పించి ముగ్గురిని బ్రతికించుట, ఆ తీర్పు భారము కవిహృదయమునకే దుస్సహమైనదని చెప్పకయే చెప్పుచున్నది. శివుడు వచ్చి బ్రతికింపని లోకమున మనము చేయదగినది రథమును మెల్లగా నడపుటయే. విధులన్నియు, నియమములన్నియు దీనికొఱకే.

లేపాక్షి కప్పులమీది రంగులు అచ్చటచ్చట రాలుచున్నవి. 2022లో ఈ క్షేత్రము యునెస్కో వారి తాత్కాలిక పట్టికలో చేరినది గాన, రక్షణము కలుగునని యాశింపవచ్చును. ఇచటికి వచ్చు విద్యార్థులకు ఉపాధ్యాయులు వ్రేలాడు స్తంభముతోపాటు ఈ చిత్రమును గూడ జూపి, కథను జెప్పుదురుగాక యని నా విన్నపము. ఏకశిలానంది మెడలోని గంటలు రాతివి, అవి మ్రోగవు. మ్రోగించు పని చూపరులది.